డ్రిల్లు మాస్టారు కోడి రామ్మూర్తి



ఫిబ్రవరి నెల ప్రవేశించిందంటే మన తెనాలి, బాపట్ల, రేపల్లె విచారణల్లోని ఇళ్ళ వాతావరణమే మారిపోతుంది. టి.వి. గొంతు తగ్గుతుంది. చుట్టాల రాకపోకలు ఆగిపోతాయి. ఆదివారం దివ్యపూజకు వచ్చిన పిల్లవాడి చొక్కా జేబులో ఫార్ములాల కాగితం కనిపిస్తుంది. తెనాలి నుండి రేపల్లె వెళ్ళే రైలులో కిటికీ పక్కన కూర్చున్న ఇంటర్ పిల్లలు పచ్చని పొలాలను చూడరు, ఒళ్ళోని గైడునే చూస్తారు. పూజ ముగిసిన తరువాత తల్లులు వరుసగా వచ్చి పిల్లల కలాలను, హాల్ టిక్కెట్లను ఫాదర్ గారిచేత దీవింపజేసుకుంటారు. అది మంచిదే. అయితే ఆ పిల్లవాడు చివరిసారిగా ఎప్పుడు పరుగెత్తాడు, ఎప్పుడు చెమట పట్టేలా ఆడాడు అని అడిగితే చాలామంది తల్లిదండ్రులు జవాబు చెప్పలేక నవ్వేస్తారు.

ఈ వారం పరిచయం చేయదలచిన వ్యక్తి పునీతుడు కాడు, కథోలికుడూ కాడు. ఉత్తరాంధ్రలో ఒక హిందూ కుటుంబంలో పుట్టి, లోకమంతటా పేరు మోసిన మల్లయోధుడు. కలియుగ భీముడని బిరుదు పొందిన కోడి రామ్మూర్తి నాయుడు గారు. మన తాతల కాలంలో ఎవరైనా కాస్త కండ పట్టి కనిపిస్తే, వీడేమైనా కోడి రామ్మూర్తా అని ఆటపట్టించేవారు. ఆయన ఛాతీమీద ఏనుగు నిలబడిన కథ అందరికీ తెలుసు. ఆయన మొదట ఒక హైస్కూలులో డ్రిల్లు మాస్టారు అన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నాకు ఆ ఏనుగు కంటే ఈ డ్రిల్లు మాస్టారే ముఖ్యంగా తోస్తాడు.

రామ్మూర్తి గారు 1880ల తొలి సంవత్సరాలలో వీరఘట్టంలో జన్మించారు. ఆనాడు అది మద్రాసు రాజధానిలోని ఊరు. తరువాత శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడు గారు. పసితనంలోనే తల్లి కన్నుమూసింది. తల్లిలేని పిల్లవాణ్ణి తండ్రి గారాబంగా పెంచారు. ఫలితంగా కుర్రవాడు చదువు మీద మనసు పెట్టక అల్లరి చిల్లరగా తిరగనారంభించాడు. మన ఊళ్ళలో అలాంటి పిల్లవాణ్ణి చూస్తే ఇక వీడు బాగుపడడని తేల్చేస్తాము. వీరఘట్టంలోనూ అలాగే అనుకొని ఉంటారు.

ఊరి చెరువుగట్టున తెల్లవారుజామున కసరత్తు చేసుకుంటున్న ఈ బాలుణ్ణి ఒక సాధువు దగ్గరకు పిలిచి మంచి మాటలు చెప్పాడనీ, అప్పటినుండి నడవడి మారిందనీ ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. తండ్రి మాత్రం సాధువు మీద భారం వేసి ఊరుకోలేదు. కొడుకును విజయనగరంలో పోలీసు ఇన్‌స్పెక్టరుగా ఉన్న పినతండ్రి నారాయణస్వామి గారింటికి పంపించాడు. అక్కడ స్కూలు చదువుతోపాటు కుస్తీ, సాము నేర్చుకొనే అవకాశం దొరికింది. ఆ రోజుల్లో విజయనగరం సంగీతానికి, సాహిత్యానికే కాదు, తాలింఖానాలకు కూడా పెట్టింది పేరు. దండాలు, బస్కీలు తీయడం, లోడీలు తిప్పడం, సంగడిరాళ్ళు ఎత్తడం పిల్లలకు సాయంకాలపు వేడుక. పినతండ్రి ఈ పిల్లవాడి దుడుకుతనాన్ని అణచివేయలేదు. దానికొక గోదా చూపించాడు. ఆ ఇంట్లో బెత్తమే రాజ్యమేలి ఉంటే, మనకు రామ్మూర్తి దక్కేవాడు కాడేమో.

ఇరవై యేళ్ళు దాటేసరికి ఆయన గుండెల మీద టన్నున్నర బరువు నిలుపుకొనేవారని, తరువాత మూడు టన్నుల దాకా మోశారని చెబుతారు. కాని ఆయన ఆ బలాన్ని వెంటనే సొమ్ము చేసుకోవడానికి పోలేదు. మద్రాసులో సైదాపేట కళాశాలకు వెళ్ళి ఒక సంవత్సరం పాటు వ్యాయామ శిక్షకుడుగా తర్ఫీదు పొందారు. సర్టిఫికెట్టు చేతబట్టుకొని విజయనగరం తిరిగివచ్చి, తాను చదువుకున్న హైస్కూలులోనే వ్యాయామోపాధ్యాయుడుగా చేరారు.

ఈ విషయం దగ్గర కొంచెంసేపు ఆగుదాం. వ్యాయామం అనేది నేర్పవలసిన విద్య అనీ, దానికి వేరే శిక్షణ ఉండాలనీ మన దేశంలో బాగా స్థిరపడని రోజులవి. మద్రాసులో హ్యారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాలయాన్ని ప్రారంభించింది 1920లో. అంతకు దాదాపు పదిహేనేళ్ళ ముందే మన రామ్మూర్తి గారు సైదాపేట నుండి శిక్షణ పొంది వచ్చారు. ఆనాటి స్కూళ్ళలో డ్రిల్లు అంటే సిపాయిలకు చేయించినట్లు ఎడమకాలు, కుడికాలు కదపడమే. రామ్మూర్తి గారు దీనికి మన పాత విద్యలను జోడించారు. దండాలు, కుస్తీలతోపాటు ఊపిరిని అదుపులో ఉంచే ప్రాణాయామాన్ని కూడా అభ్యసించారు. వాయుస్తంభన, జలస్తంభన విద్యలను విజయనగరంలో పదిమంది ముందు ప్రదర్శించి చూపించారు. కండ కంటే ముందు శ్వాస, శ్వాస కంటే ముందు మనసు నిలకడ అన్నది ఆయన పద్ధతి.

ఆయన పద్ధతిలోని కీలకాన్ని ఈనాటి వైద్యశాస్త్రం మరో భాషలో చెబుతున్నది. భయం, ఆందోళన కలిగినప్పుడు మూత్రపిండాల మీద టోపీలా కూర్చున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం హెచ్చుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. పారిపోవడానికో, పోరాడడానికో దేవుడు శరీరానికిచ్చిన ఏర్పాటది. పులి ఎదురైతే అక్కరకు వస్తుంది. పరీక్ష ఎదురైన పిల్లవాడు మాత్రం పరుగెత్తడు, బెంచీ మీదనే కూర్చుంటాడు. పొయ్యి మీద మూత బిగించిన గిన్నెలాగా ఒళ్ళు లోపల ఉడుకుతూ ఉంటుంది. నిద్ర పట్టదు, చదివింది గుర్తుండదు, తిన్నది ఒంటబట్టదు. ఒక గంట ఒళ్ళు అలిసేలా ఆడితే ఆ బిగువు సడలుతుంది. మెదడులో ఎండార్ఫిన్లు ఊరి మనసు తేలికపడుతుంది, రాత్రి గాఢంగా నిద్ర పడుతుంది. శ్వాసను నిదానంగా, ముఖ్యంగా బయటికి విడిచేటప్పుడు దీర్ఘంగా సాగనిస్తే గుండె వేగం తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారం 5 నుండి 17 సంవత్సరాల వయసు పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల శ్రమ అవసరం. అందులో వారానికి కనీసం మూడు రోజులు గట్టి శ్రమ ఉండాలి. మన పిల్లల టైం టేబులులో ఆ 60 నిమిషాలు ఎక్కడున్నాయో వెదకండి చూద్దాం.

రామ్మూర్తి గారి కథకు తిరిగి వద్దాం. 1904, 1905 సంవత్సరాలలో యూజెన్ శాండో అనే జర్మనీ బలశాలి మన దేశపు నగరాలలో ప్రదర్శనలిచ్చాడు. పట్టణాలలో యువకులంతా అతని పటాలు గోడకు తగిలించుకొని, అతని పేరుతో అమ్మే డంబెల్స్ కొనుక్కున్న రోజులవి. తెల్లవాడికే బలం సొంతమని, భారతీయులు బక్కచిక్కిన జాతి అని మనవారే నమ్మనారంభించిన కాలం. సరిగ్గా ఆ కాలంలోనే విజయనగరంలో పొట్టి పంతులు అనే మిత్రుడు రామ్మూర్తి గారిని ప్రోత్సహించి సర్కసు కంపెనీ పెట్టించాడు. స్కూలు ఉద్యోగం అక్కడితో ముగిసింది.

ఆ తరువాతి సంగతులు పెద్దలు కథలు కథలుగా చెప్పేవే గనుక క్లుప్తంగా చెబుతాను. ఒంటికి చుట్టిన ఉక్కు గొలుసులను ఊపిరి బిగించి తెంచేవారు. రెండు భుజాలకు కట్టిన తాళ్ళతో రెండు కార్లను కదలకుండా ఆపేవారు. మద్రాసులో వైస్రాయి మింటో ప్రభువు తన కారునే ఆపమని పందెం వేసి ఓడిపోయాడని చెబుతారు. పుణేలో లోకమాన్య తిలక్ ఆయన ప్రదర్శన చూసి మల్లమార్తాండ అని బిరుదిచ్చారు. పండిత మదనమోహన మాలవ్యా విదేశాలకు వెళ్ళమని ప్రోత్సహించారు. లండనులో ఐదవ జార్జి చక్రవర్తి, మేరీ రాణి ఆయన విద్యను చూసి ఇండియన్ హెర్క్యులిస్ అని సత్కరించారు. ఇంత బలశాలీ పూర్తి శాకాహారి కావడం తెల్లదొరలకు మింగుడుపడని విషయం.

ఇక ఏనుగు సంగతి. ఆయన వెల్లకిలా పడుకొని ఛాతీ మీద బల్ల పరిపించుకొనేవారు. దానిమీద ఏనుగు కాలు మోపి నిలిచేది. ఇందులో మాయ ఏమీ లేదు, అలాగని కండబలం ఒక్కటే కూడా కాదు. బల్ల వెడల్పు వల్ల బరువు ఒకేచోట పడక ఒళ్ళంతా పరుచుకొంటుంది. నిండా గాలి పీల్చి బిగబట్టిన ఛాతీ, గాలి కొట్టిన లారీ టైరు లాగా ఆ బరువును నిలబెడుతుంది. టైరులో గాలి లేకపోతే ఏమవుతుందో మనకు తెలుసు గదా. ఏనుగు పాదం పడే క్షణంలో భయపడి ఊపిరి వదిలితే ప్రాణమే పోతుంది. పిల్లలు ఈ పనిని అనుకరించకూడదు సుమా, అది ఏళ్ళ తరబడి సాధన చేసినవారి పని. కాని ఆ క్షణంలో గుండె అదరకుండా ఊపిరిని పట్టుకోవడం ఎలాగన్నదే, ప్రశ్నపత్రం చేతికి రాగానే కళ్ళు తిరిగే మన పిల్లవాడికి కూడా కావలసిన విద్య.

ఆయన సర్కసు ఊరూరా వదలి వెళ్ళినది మరొకటి ఉంది. డేరాలు పీకేసి బండ్లు వెళ్ళిపోయాక ఆ ఊళ్ళో కుర్రవాళ్ళు తాలింఖానాలకు బయలుదేరేవారు. కలకత్తాలో భవేంద్రమోహన్ సాహా అనే కుర్రవాడు చిన్నతనంలో మలేరియాతో శుష్కించి, అఖాడాలో కసరత్తు చేసి కోలుకున్నాడు. పందొమ్మిదేళ్ళ వయసులో రామ్మూర్తి గారి సర్కసులో చేరి రంగూను, సింగపూరు, జావాలు తిరిగాడు. తరువాత భీం భవాని అనే పేరుతో బెంగాలంతా మెచ్చిన బలశాలి అయ్యాడు. ఉద్యోగం వదిలినా ఆయనలోని మాస్టారు ఆయనను వదలలేదన్నమాట.

ఆ గాలి మన జిల్లాకూ సోకింది. 1921లో చీరాల పేరాల ఉద్యమాన్ని నడిపిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు రామదండు అనే స్వచ్ఛంద దళాన్ని తయారుచేశారు. ఆ ఏడు బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశంలో వేలకొలది జనాన్ని తోపులాట లేకుండా నడిపించినది ఆ దళమే. క్రమశిక్షణ పుస్తకంలో చదివితే వచ్చేది కాదని, పదిమందితో కలిసి ఒళ్ళు కదిపినప్పుడే వస్తుందని ఆనాటి పెద్దలు ఎరుగుదురు.

ఇక్కడ మనకు బాగా తెలిసిన ఒక పునీతుణ్ణి తలచుకోకుండా ఉండలేను. ఇటలీలో పునీత డాన్ బోస్కో బాల్యంలో తాడుమీద నడవడం, గారడీలు చేయడం నేర్చుకొని, తోటి పిల్లలను అలా పోగుచేసి, తరువాత ప్రార్థనకు కూర్చోబెట్టేవాడు. గురువయ్యాక ట్యూరిన్ నగరంలోని వాల్దొక్కోలో పిల్లలకు గుడితోపాటు, బడితోపాటు ఆటస్థలం కూడా ఉండాలని పట్టుబట్టాడు. గురువులు, ఉపాధ్యాయులు పిల్లలతో కలిసి ఆడాలన్నాడు. ఏ పిల్లవాడు ఆడకుండా మూల నిలబడ్డాడో చూస్తే వాడి మనసులో ఏదో బాధ ఉందని ఆయనకు తెలిసిపోయేది. ఆయన 1888లో పరమపదించేనాటికి మన రామ్మూర్తి ఇంకా వీరఘట్టంలో ఆటలాడుకునే పసివాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. అయినా ఇద్దరూ గారడీ, సర్కసు, బడి అనే మూడింటినీ కలిపినవారే.

మరి మనం ఏం చేస్తున్నాం? 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం ఉండి తీరాలి. కాని ఆ చట్టం ఎనిమిదవ తరగతితో ఆగిపోతుంది. ఒత్తిడి అసలు మొదలయ్యేది ఆ తరువాతనే. ఇంటర్ కోసం పిల్లలను దూరపు హాస్టళ్ళలో చేర్చేటప్పుడు ర్యాంకులు అడుగుతాం, ఏ.సి. గదులున్నాయా అని అడుగుతాం, మాంసం వారానికి ఎన్నిసార్లు పెడతారని కూడా అడుగుతాం. ఆటస్థలం చూపించమని అడిగే తండ్రి అరుదు. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలల్లో విద్యార్థుల ఆత్మహత్యల మీద ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2001లోనే నీరదారెడ్డి కమిటీని వేసింది. ఆ తరువాత కూడా వార్తలు ఆగలేదు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2021లో దేశం మొత్తం మీద ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,089 మంది. ఇందులో పరీక్షల వల్ల పోయినవారు కొందరే కావచ్చు, ఒక్కొక్కరి కారణం ఒక్కొక్కటి. అయినా అది ఒక పెద్ద ఊరి జనాభా అంత సంఖ్య.

ఒక్కమాట జాగ్రత్తగా చెప్పాలి. ఆటలు సర్వరోగనివారిణి కావు. పిల్లవాడు రోజుల తరబడి అన్నం మాని, నిద్ర మాని, బ్రతకడమెందుకని మాట్లాడుతుంటే గ్రౌండుకు పంపితే సరిపోదు, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఈ నంబరు గుడి నోటీసు బోర్డు మీద రాసి ఉంచితే బాగుంటుంది. అలాగే ఆటను మరొక పోటీ పరీక్షగా మార్చి, మెడల్ తెమ్మని పిల్లవాణ్ణి వేపుకు తినడం కూడా తగదు. సాయంత్రం గుడి ఆవరణలో చెడుగుడు ఆడుకొనే పిల్లవాడికి మెడల్ ఎందుకు? ఆడపిల్లల విషయం మరీ అన్యాయం. పెద్దమనిషి కాగానే ఆమె ఆట ముగిసిందని తీర్మానిస్తాం. పరీక్ష ఒత్తిడి మాత్రం ఆమెకూ సమానమే. ఉప్పు సత్యాగ్రహం నాటి సంగతి కాదు, శ్రీకాకుళం జిల్లాలో మారుమూల పుట్టిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్య పతకం తెచ్చి పాతికేళ్ళయింది.

రామ్మూర్తి గారి చివరి రోజులు సుఖంగా గడవలేదు. సంపాదించిన ధనమంతా దానాలకు, సంస్థలకు, అడిగినవారికి పెట్టేశారు. బలాన్ని చూసి ఓర్వలేనివారు ఆయన ప్రాణం తీయజూశారనీ చెబుతారు. కాలికి పుండు లేచి ముదిరింది, కాలు తీసివేయవలసిన స్థితి వచ్చింది. ఆ శస్త్రచికిత్స వేళ మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో మనసును నిలుపుకొని నొప్పిని భరించారని ఆయన జీవితం రాసినవారంతా పేర్కొంటారు. నేనైతే ఎవరికీ అలా చేయమని చెప్పను. కాని రెండు కార్లను ఆపిన మనిషి ఒక కాలు పోగొట్టుకొని మంచంమీద ఉన్నప్పుడు, జనం చప్పట్లు లేనప్పుడు ఆయనకు మిగిలినది ఏమిటో అందులో కనిపిస్తుంది. కండ కరిగిపోయింది. విజయనగరం స్కూలులో ఉన్నప్పుడు అలవరచుకొన్న ఊపిరి నిలకడ మిగిలింది.

ఒరిస్సాలోని పట్నా సంస్థానాధీశుని ఆదరణలో బలంగీరులో ఆయన చివరి కాలం గడిపారు. 1942 జనవరిలో, సంక్రాంతి పండుగ రోజులలో అక్కడే కన్నుమూశారు. ఒకనాడు ఆయన సర్కసు చూడడానికి జనం విరగబడిన రంగూను మీద అప్పుడు జపాను బాంబులు పడుతున్నాయి. బర్మా నుండి తెలుగువారు మూటాముల్లెతో కాలినడకన తిరిగివస్తున్నారు. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి తరువాత ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం బీచి రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. వేసవి సెలవుల్లో అటు వెళితే పిల్లలకు చూపించండి, చూపించాక కాసేపు ఇసుకలో పరుగెత్తనివ్వండి. అంతదూరం వెళ్ళలేనివారికి బాపట్ల పక్కనే సూర్యలంక ఉంది.